కృపక్క వెనక్కి తీసుకున్న సాక్ష్యం

నిన్న ఉదయం నందిగామలో బస్సు ఎక్కుతుండగా అమ్మ ఫోన్ చేసింది. "కృప లేదే" అంది.

ఎక్కడికి వెళ్ళిందని అడిగాను.

డెంగ్యూ. తగ్గుతోందన్నారు. సోమవారం డిశ్చార్జ్ అన్నారు.

కృపక్క మా పెదనాన్న కూతురు. జగ్గయ్యపేటలో పెరిగింది, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఒంట్లో కణాలకు శక్తి తగ్గితే పసిగట్టే ప్రోటీన్ ఒకటుంది, ఏఎంపీకే అంటారు. ఆకలి వేళ అది మేల్కొని, ఖర్చు తగ్గించుకోమని, దాచిన కొవ్వు వాడుకోమని కణానికి చెబుతుంది. ఎలుకల కాలేయంలో అది ఎప్పుడు మేల్కొంటుందో చూడటం అక్క పని. మేల్కొంటే ఫిల్మ్ మీద నల్లటి గీత పడాలి.

ఏడాదిపాటు పడలేదు.

మా చర్చిలో స్త్రీల సమాజం ఆ గీత కోసం శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది.

గీత పడింది. అక్క వచ్చి, ప్రార్థన విని దేవుడు గీత చూపించాడని ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పింది. చప్పట్లు కొట్టాం.

థీసిస్ ఇచ్చే ముందు, కాలేయంలో ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో కూడా చూసింది.

అక్కడా అదే గీత.

అంటే అది ఆ ప్రోటీన్‌ది కాదు.

అలా చూడమని ఎవరూ అడగలేదు. ఊరుకుంటే పట్టా వచ్చేసేది. అక్క థీసిస్ ఆపేసింది. మళ్ళీ అదే మైక్ ముందు నిలబడి, నేను చెప్పింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అంది.

సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మా చర్చిలో ఎవరూ ఎరగరు. పాస్టర్‌గారు పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు.

వెనక నుంచి రాహేలమ్మమ్మ లేచింది. వత్సవాయి వైపు పత్తి తీతకు వెళ్ళే పెద్దామె, ఉపవాసాలు మొదలుపెట్టించింది ఆమే.

"దానిది కాకపోతే ఆ గీత ఇంకెవరిదే?"

"తెలీదు అమ్మమ్మా. కనుక్కుంటా."

"అయితే మా ఉపవాసాలన్నీ వట్టివేనా?"

"మీ ఒంట్లో మాత్రం ఆ ప్రోటీన్ బాగానే పనిచేసుంటుందిలే."

అందరూ నవ్వారు. "సరే, శుక్రవారం నుంచి మళ్ళీ ఉంటాం. నువ్వు ఈసారి సరిగ్గా చూడు" అని ఆమె కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం అక్కను తెచ్చి ఇంట్లో పడుకోబెట్టారు. అక్కతో పనిచేసే అమ్మాయి కూడా హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆసుపత్రిలో చేరేముందు మేల్కొన్న ఆ ప్రోటీన్‌కు మాత్రమే అంటుకునే కొత్త యాంటీబాడీతో అక్క మొదలుపెట్టిన ప్రయోగాన్ని తనే పూర్తి చేసిందట. ఫోన్‌లో ఫిల్మ్ ఫొటో చూపించింది. ఆకలితో ఉంచిన మామూలు ఎలుకల దగ్గర గీత ఉంది. ప్రోటీన్ లేని ఎలుకల దగ్గర ఖాళీ.

డిశ్చార్జ్ రోజున చూపిద్దామని ఆగిందట.

రాహేలమ్మమ్మకు చెప్పాను.

"ఈసారి దానిదేనా?"

"దానిదే."

"అది లేని ఎలకల్లో కూడా చూశారా?"

"చూశారు. ఏమీ లేదు."

ఆమె వెళ్ళి అక్క తల దగ్గర కూర్చుంది. చెవి దగ్గరికి వంగి చెప్పింది. మాటలు మాకు వినబడలేదు. చాలాసేపు చెప్పింది.

వెళ్ళిరా అక్కా. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.