మా ఊరామె బూట్లు

మంచును నేను ఫ్రిజ్ పై అరలో తప్ప ఎక్కడా చూడలేదు. రాయచోటి పక్కన పుట్టినవాడికి వడగళ్ళు పడితేనే ఊరంతా చెప్పుకునే వింత. అలాంటి నేను కువైట్‌లో, దజీజ్‌లోని ఒక పెద్ద ఆటసామాన్ల షాపులో, మంచు మీద జారేవాళ్ళకు స్కీలూ బూట్లూ అమ్ముతుంటాను. ఈ మాట విని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. చేపలు అమ్మేవాడిని నీకు ఈత వచ్చా అని ఎవరైనా అడుగుతారా?

పని నేర్పింది లెబనాన్ నుంచి వచ్చిన మా పాత మేనేజరు. చిన్నప్పటి నుంచి కొండల్లో జారుతూ పెరిగిన మనిషి. ముందు బూటు, తరువాతే మిగతావి అనేవాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో నిజమైన ఆటగాళ్ళు తక్కువ. చలికాలం సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని జార్జియాకో ఆస్ట్రియాకో ఒక వారం పోయి, సరదాగా జారి, ఫోటోలు దిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. షాపులోకి అడుగు పెట్టగానే వాళ్ళ చూపు గోడకు నిలబెట్టిన రంగురంగుల స్కీల మీదికి పోతుంది. నేను అడ్డుపడతాను. ఏడాదికి ఒక వారం జారేవాళ్ళకు స్కీలు కొనడం దండగ, అక్కడే అద్దెకు దొరుకుతాయి, మీ గడ్డం దాకా వచ్చే పొట్టివి అడిగి తీసుకోండి అంటాను. బూట్లు మాత్రం సొంతవే ఉండాలి. లోపల పాదం వదులుగా ఆడితే స్కీ మాట వినదు. పడ్డప్పుడు చీలమండో మోకాలో బలైపోతుంది.

అందుకే బూటు కొలిచేటప్పుడు నేను మొండి మనిషిని. లోపలి మెత్తని తొడుగు బయటికి లాగి, ఉత్త ప్లాస్టిక్ డొప్పలో పాదం పెట్టించి, వేళ్ళు ముందుకు తాకాక మడమ వెనక నా వేళ్ళు ఎంత దూరతాయో చూస్తాను. మేజోడు ఒక్కటే, అదీ పల్చనిది. పాదమూ మేజోడూ తప్ప బూటులో ఇంకేమీ ఉండకూడదు. నిలబడితే వేళ్ళు ముందు అంచును ముట్టాలి, మోకాళ్ళు వంచితే కొంచెం వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. "నొప్పి ఉందా?" అని అడుగుతాను. ఉందంటే "ఎక్కడ?" అంటాను. నేను కూడు తినేది ఈ రెండు ప్రశ్నల మీదే. మొహమాటానికి బాగుంది బాగుంది అనేవాళ్ళతోనే నాకు చిక్కు.

ఇదంతా నిలబడి చేసే పని కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఎదుటివాళ్ళ పాదం నా తొడ మీద పెట్టుకోవాలి. ఎదుట ఉన్నది బడిపిల్లాడైనా సరే, వాడి కాలు నా ఒళ్ళోనే ఉంటుంది. దాచడమెందుకు, నాకు అది ఇప్పటికీ నామోషీగానే ఉంటుంది. ఊరికి ఫోన్ చేసినప్పుడు సేల్స్‌లో ఉన్నానంటాను తప్ప కాళ్ళు కొలుస్తానని చెప్పను. నేను బూట్లు అమ్ముతానని నా భార్యకు తెలుసు, ఎలా కూర్చుని అమ్ముతానో తెలియదు.

ఆమె కూడా కువైట్‌లోనే ఉంది. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి. ఆమెది ఇంటిపని వాళ్ళకిచ్చే ఖాదిమ్ వీసా. నాది షూన్, కంపెనీ వీసా. ఈ రెండింటికీ మధ్య ఎంత ఎత్తుపల్లం ఉందో ఇక్కడి మనవాళ్ళను అడగాలి. పెళ్ళి సంబంధాలు కూడా ఇది చూసే మాట్లాడతారు. నేనూ ఖాదిమ్ మీద డ్రైవరుగా వచ్చినవాడినే. షూన్‌కు మారాక నీ నడకే మారిపోయిందని ఆమె ఎగతాళి చేస్తుంటుంది. సెలవు దొరికిన శుక్రవారాల్లో ఫర్వానియాలో కలుసుకుని, ఏదో ఒక హోటల్లో కూర్చుని తిని, ఎవరి చోటికి వాళ్ళం పోతాం. షాపులో మాత్రం, నా భార్య జహ్రాలో పని చేస్తుందని చెప్పి ఊరుకున్నాను. బిల్లు కౌంటర్లో ఉండే ఫిలిప్పీన్ అమ్మాయి "ఆసుపత్రిలోనా?" అంది. నేను నవ్వాను. ఔనని అనుకుంది. అనుకోనీ అనుకున్నాను.

సెలవులకు ముందు ఒక సాయంత్రం, నల్ల అబాయా వేసుకున్న ఒకావిడ ఇద్దరు పిల్లలతో షాపులోకి వచ్చింది. వాళ్ళ వెనక, చిన్నవాడి జాకెట్టూ నీళ్ళ సీసా పట్టుకుని నా భార్య.

నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. నవ్వబోయింది కూడా. నేను ఆ నవ్వు నాకు కాదన్నట్టు పక్కకు తిరిగి, పెద్దపిల్లను బెంచీ మీద కూర్చోమన్నాను. ఒక్క క్షణంలో రెండు సిగ్గులు వచ్చి మీద పడ్డాయి. నేను ఒకరి కాళ్ళ దగ్గర కూర్చోవడం నా పెళ్ళాం చూస్తుందన్నది ఒకటి. నా పెళ్ళాం ఖద్దామా అని షాపంతా చూస్తుందన్నది రెండోది. రెండోదే పెద్దది. ఈ వాక్యం రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

పిల్లకు కొలిచాను, పిల్లాడికి కొలిచాను, ఆవిడకూ కొలిచాను. అంతసేపూ నా భార్య రెండడుగుల దూరంలో నిలబడి, ఎవరు బూటు విప్పితే వాళ్ళ చెప్పులు అందిస్తూ ఉంది. నేను తల ఎత్తలేదు. మేజోళ్ళ గురించీ మడమ గురించీ మామూలుకంటే ఎక్కువే మాట్లాడాను.

"ఇక ఈమెకు" అంది ఆవిడ అరబ్బీలో. "ఈమె చెయ్యి పట్టుకోనిదే మా చిన్నవాడు మంచులో అడుగు పెట్టడు. అద్దె బూట్లు వద్దు. నాకు ఎంత జాగ్రత్తగా చూశావో అంతే జాగ్రత్తగా చూడు."

నా భార్య బెంచీ మీద కూర్చుంది. నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని పాదం కోసం చెయ్యి చాపాను. ఆమె చటుక్కున కాలు బెంచీ కిందికి లాక్కుంది. "లా, లా" అంది, వద్దు వద్దని అరబ్బీలోనే, నాకు తెలుగు రాదన్నట్టు. మొగుడి చేత కాళ్ళు పట్టించుకోవడం మా వైపు ఆడవాళ్ళకు పాపం కింద లెక్క. నలుగురిలో అయితే మరీనూ.

ఆవిడ ఆమెను చూసింది, నన్ను చూసింది. కాసేపు దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఆగింది. తరువాత, "సరే, కౌంటర్లో ఉన్న అమ్మాయిని పిలువు. ఆమె తొడుగుతుంది" అంది.

హమ్మయ్య అనుకున్నాను. అంత హాయిగా అనిపించినందుకు తరువాత నన్ను నేను చాలా తిట్టుకున్నాను గానీ, అప్పటికి మాత్రం గండం గడిచిందనే అనుకున్నాను. మంచులో పెట్టుకునే కళ్ళద్దాల అర దగ్గరికి పోయి, సర్దినవే మళ్ళీ సర్దడం మొదలుపెట్టాను.

ఫిలిప్పీన్ అమ్మాయి మంచిదే, కానీ బూట్లు ఆమె పని కాదు. మొదటి జత తొడిగితే నా భార్య ముఖం ముడుచుకుంది. ఇంకో సైజు పెద్దది తెచ్చింది. అదీ నొక్కింది. ఇంకా పెద్దది తెచ్చింది. ఈసారి నా భార్య లేచి నాలుగడుగులు వేసి, "గుడ్, గుడ్" అంది. బట్టలు వేలాడే వరస సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆమె అడుగు వేసినప్పుడల్లా పాదం ముందు పోతోంది, బూటు వెనక వస్తోంది. ఆ బూటుతో వాలు మీద నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడు ఉంటాడనీ తెలుసు. ముందు రెండు జతలు ఎందుకు నొక్కాయో కూడా తెలుసు. మేజోడు కింద మెట్టెలున్నాయి.

కళ్ళద్దాలు అక్కడే పడేసి వెళ్ళాను.

"మే, ఆ మెట్టెలు తీసెయ్" అన్నాను చిన్నగా.

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "ఏం మాటయ్యా అది? నీ నోటితో నువ్వే అంటావా?"

"బూటులో పాదం తప్ప ఏమీ ఉండగూడదు. ఇంత వదులు ఏసుకోని పోయినావంటే కాలిరుగుతాది. ఆడ ఎవురు చూచ్చారు నిన్ను?"

"నేను తియ్యను. నా చేత్తో నేనెట్ల తీచ్చా?" కాస్త ఆగి, "పెట్టినోడివి నువ్వే గదా. నువ్వే తీసుకో" అంది.

మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈసారి ఆమె కాలు లాక్కోలేదు. పాదం నా తొడ మీద పెట్టుకుని మేజోడు తీశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పాదాన్ని నేను చేత్తో పట్టుకున్నది అంతకు ముందు ఒక్కసారే, పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగినప్పుడు. అప్పుడు పాదం పారాణితో ఎర్రగా ఉండింది. ఇప్పుడు మడమ నిండా పగుళ్ళు, ఇల్లు కడిగే మందు నీళ్ళకు వేళ్ళ సందులు తెల్లగా నాని ఉన్నాయి. మెట్టెలు ఒకంతట రాలేదు. కొంచెం కొంచెం తిప్పుతూ లాగాను. అవి ఉన్న చోట చర్మం లేతగా, చిన్నపిల్ల వేలులా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఫిలిప్పీన్ అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. "ఈమె నీకు తెలుసా?" అంది.

ఆవిడ కూడా చిన్నవాడి జిప్పు పెడుతూ తల తిప్పింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "సేమ్ విలేజ్. మా ఊరామె."

నా తొడ మీద ఉన్న పాదం బిగుసుకుపోయింది. నేను తల ఎత్తే లోపలే నా భార్య ఆవిడ వైపు తిరిగి, తల ఊపుతూ, ఖద్దామాలు ఇంటావిడను పిలిచే పిలుపుతో, "సేమ్ విలేజ్, మామా" అంది. నా అబద్ధానికి ఆమే సాక్ష్యం చెప్పింది. ఆవిడ మళ్ళీ జిప్పు పెట్టడంలో పడిపోయింది.

మొదట తెచ్చిన జతే ఆమె పాదానికి అచ్చంగా సరిపోయింది. మడమ కదల్లేదు. "నొప్పి ఉందా?" అని హిందీలో అడిగాను, ఎవరినో అడిగినట్టు. లేదని తల అడ్డంగా ఊపింది. "యల్లా, పదండి" అంటూ ఆవిడ లేచింది. డబ్బాలు మోసుకుంటూ వాళ్ళ వెనకే నా భార్య పోయింది. మెట్టెలు నా పిడికిట్లోనే మిగిలిపోయాయి. టిష్యూ కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆమె ఎక్కడున్నా రోజూ ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఏం తిన్నది, ఎవరు తిట్టారు, ఎన్ని బట్టలు ఇస్త్రీ చేసింది, అన్నీ చెప్తుంది. మంచు కొండల నుంచి ఒక్కటీ రాలేదు. ఒక ఫోటో మాత్రం వచ్చింది, తెల్లటి మంచులో రెండు బూట్లు. ముఖం లేదు. కింద "కాలు బాగుండాది" అని రాసింది. జవాబు రాద్దామని ఎన్నిసార్లు మొదలుపెట్టానో, ప్రతి మాటా షూన్ వాడి మాటలాగే కనిపించి కొట్టేశాను. జేబులో మెట్టెలు తడుముకుంటూ తిరిగాను. మొగుడు బతికుండగా పెళ్ళాం మెట్టెలు మొగుడి జేబులో ఉండటం ఏం యోగమో!

వాళ్ళు తిరిగొచ్చిన వారంలోనే ఆవిడ మళ్ళీ షాపుకు వచ్చింది. చిన్నవాడి కళ్ళద్దాల పట్టీ తెగిందట. వెనక నా భార్య. ముక్కు మీద ఎండకు చర్మం ఊడి, కొంచెం నల్లబడింది. ఈసారి నన్ను చూసి నవ్వబోలేదు.

ఆవిడ కళ్ళద్దాలు చూసుకుంటుంటే నేను నా భార్య దగ్గరికి పోయి టిష్యూ పొట్లం తీశాను. "కూర్చో, పెడతా" అన్నాను.

కూర్చుంది. కాళ్ళు మాత్రం బెంచీ కిందికి ముడుచుకుంది. "నీకెందుకప్పా ఆ శ్రమ?" అంది. ఊళ్ళో తెలియని మగవాళ్ళను పిలిచినట్టు పిలిచింది. "నువ్వు మా ఊరోడివి. మా ఊరోళ్ళ చేత మెట్టెలు పెట్టిచ్చుకుంటే మా మొగుడు ఊరుకోడు. ఆయనొచ్చినప్పుడు పెట్టిచ్చుకుంటాలే."

ఎగతాళి చేస్తోందేమో అని ముఖం చూశాను. పెదవుల మీద నవ్వుంది, కళ్ళలో లేదు. కౌంటర్లో ఫిలిప్పీన్ అమ్మాయి మా వైపే చూస్తోంది. ఆమెకు తెలుగు రాదు. ఈ పని తెలుగులో చేస్తే లెక్కలోకి రాదని నాకు తెలిసింది.

"మదామ్" అని గట్టిగా పిలిచాను. కౌంటరు దాకా వినబడేలా ఇంగ్లీషులో అన్నాను. "ఈమె నా భార్య."

ఆవిడ కళ్ళద్దాల మీది నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసు" అంది. "ఆ రోజు మేము వేరే షాపుకు పోతుంటే డ్రైవరుతో కారు తిప్పించింది ఈమే. మా ఆయన ఉన్న షాపు ఇటుంది, బూటు చూడటంలో ఆయన్ను మించినవాడు లేడని దారి పొడుగునా చెప్పింది."

అంటే నేను 'మా ఊరామె' అన్నప్పుడు ఆ షాపులో మోసపోయింది కౌంటరు అమ్మాయి ఒక్కతే. ఆవిడకు అంతా తెలుసు. తెలిసే జిప్పు పెట్టుకుంటూ కూర్చుంది. నేను సిగ్గుపడి దాచిన మనిషి, నన్ను గొప్ప చేసి చెప్పుకుని కారు తిప్పించింది.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాళ్ళు బయటికి రావడానికి కాసేపు పట్టింది. తరువాత ఒక పాదం మెల్లగా వచ్చి నా తొడ మీద ఆనింది. మంచులో తిరిగి వేలు కొంచెం వాచినట్టుంది, మెట్టె తొందరగా ఎక్కలేదు. కొంచెం కొంచెం తిప్పుతూ తోశాను.

"నొప్పి ఉండాదా?" అన్నాను.

"ఉండాది" అంది.

ఎక్కడ అని నేను అడగలేదు.