కల్పలత చూసే స్లైడు

నా భార్య కల్పలత మౌలాలిలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆడవాళ్ల తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, గర్భసంచికి పాకే ఇన్‌ఫెక్షన్లు, ఈ నమూనాలన్నీ ఆమే చూస్తుంది. ఎవరడిగినా నేను మాత్రం "రక్తం పరీక్షలు చేస్తది" అని మాట దాటేసేవాణ్ని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా వ్యాగన్ల కింద దూరడానికి ఏనాడూ భయపడలేదు గానీ, భార్య చేసే పని పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమెది మొండిపట్టు. ల్యాబు మేడ మీద ఉండేది. నమూనా మెట్లెక్కి, వరుసలో దాని వంతు వచ్చేసరికి గంటలు గడిచేవి. "పురుగు కదులుతుంటెనే దొరుకుతది. చల్లారినంక చూస్తే ఏం కనవడతది?" అని ఆసుపత్రి పెద్దసారుతో నాలుగు నెలలు పోట్లాడి, డాక్టరమ్మ పరీక్ష గది పక్కనున్న స్టోర్‌రూములో మైక్రోస్కోపు పెట్టించుకుంది. గాజుపలక మీద ఒక చుక్క ఉప్పునీళ్లు, అందులో నమూనా, పది నిమిషాల్లోపు మైక్రోస్కోపు కింద. పరీక్ష అంతే.

మా అన్న కూతురు రజితకు ఏడాదిగా తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. ఒక పాప ఉంది, ఇంకొకరు కావాలని ఆశ. చిన్నమ్మ చూస్తుందన్న సిగ్గుతో ఎక్కడెక్కడో దూరపు ల్యాబుల్లో ఇచ్చి వచ్చేది. పొద్దున ఇచ్చింది సాయంత్రమెప్పుడో చూసేవారు. అన్నిచోట్లా 'ఏమీ లేదు' అనే రిపోర్టే. అంతా నీ అనుమానమే అన్నారు కొందరు. చివరికి ఒకచోట గర్భసంచి తీసేద్దామన్నారు. తోడు రమ్మని అన్న అడిగితే సరేనన్నాను. ఆ 'సరే' గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు అన్నం తింటూ నోరు జారాను. కల్పలత కంచం పక్కకు జరిపింది.

"ఏందీ, గర్భసంచి తీస్తరా? నాకొక్క మాట చెప్పలె?"

"ఆడోళ్ల ముచ్చట. నాకేం తెలుసు?"

"మరి నేనెవర్ని?"



మర్నాడే కల్పలత రజితను చేయి పట్టుకుని తన ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ పిల్ల తల ఎత్తలేదట. "బిడ్డా, మైక్రోస్కోపుల నాకు నీ మొహం కనవడదు. జెర నిమ్మళంగ ఉండు" అందట కల్పలత. డాక్టరమ్మ నమూనా తీసి ఇచ్చింది. ఐదు నిమిషాలకు కల్పలత కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీలో రజితనే కూర్చోబెట్టి మైక్రోస్కోపులో చూడమంది. చీము కణాల మధ్య పురుగులు ఈదుతూ కనబడ్డాయి, ఏడాదిగా ఎవరికీ కనబడనివి.

"నాది అనుమానం కాదు గదా, చిన్నమ్మా" అని రజిత ఏడ్చేసింది.

డాక్టరమ్మ పద్నాలుగు రోజుల మందులు రాసింది. మళ్లీ అంటుకోకుండా రజిత భర్త యుగంధర్‌కూ మందులిచ్చింది. ఆపరేషన్ మానుకున్నారు. నెల తిరిగేసరికి రజిత నొప్పి పోయింది.

మొన్న రజిత పాప పుట్టినరోజుకు నేరేడ్‌మెట్ వెళ్లాం. ఇల్లంతా చుట్టాలు. యుగంధర్ మేనమామ నన్ను పలకరించి, "మీ ఇంటామె ఏం పని చేస్తరు?" అన్నాడు. పాత జవాబు నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగేసి, నలుగురికీ వినబడేలా చెప్పాను.

"తెల్లబట్ట పరీక్ష చేస్తది. మా బిడ్డ గర్భసంచి నిలవెట్టింది ఆమెనే."

మేనమామ చూపు తిప్పుకున్నాడు. కల్పలత నన్ను చూసిన చూపు మా పెళ్లినాడు కూడా చూడలేదు. కేకు ముక్కలు పంచడం అయ్యేలోపే ముగ్గురు ఆడవాళ్లు ఆమెను పక్కకు పిలిచి, రేపు ఎన్ని గంటలకు ఉంటావని అడిగారు.