కళ్ళజోడు తీసేసిన వారం

రైఫిల్ మీద దవడ ఆనించి స్కోపులో కన్ను పెడితే, నా కళ్ళజోడు అంచులోంచి చూడాల్సొచ్చేది. లోపలి ప్లస్ గుర్తు మసగ్గా కనపడేది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోమని షూటింగ్ నేర్పే కోచ్ చెప్పాడు. నరసరావుపేటలో కళ్ళజోళ్ళ షాపాయనా అదే మాటన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారని నా అనుమానం. అయినా పెట్టుకున్నాను. గుర్తు తేటగానే కనపడింది గానీ, బండి మీద ఇంటికొచ్చేసరికి దారిలో కంకర క్రషర్ల దుమ్ముకి కళ్ళు చింతనిప్పులయ్యేవి.

అవి ఎలక్షన్ రోజులు. ఊళ్ళో లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పేశారు. నాది అట్ట మీద బొమ్మల్ని కొట్టే ఎయిర్ రైఫిల్, దానికి లైసెన్సే అక్కర్లేదు. ఆ సంగతి ఊరికెవరు చెప్పాలి?

భుజాన పొడుగు సంచీతో వస్తుంటే, అరుగు మీదున్న పక్కింటి పెదనాన్న ఆపాడు.

"కళ్ళజోడేదిరా?"

"లెన్సులు పెట్టుకున్నా పెదనాన్నా. ఇప్పుడు గురి చానా బాగా కుదురుతోంది."

ఆయన నా ఎర్రటి కళ్ళ వంకా, సంచీ వంకా చూశాడు. వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరి మీదరా? మనోళ్ళా, అవతలోళ్ళా?"

మర్నాడే కళ్ళజోడు తగిలించుకున్నాను. గురి తప్పితే తప్పింది.