పొయ్యి పక్కన నీడ

తుకారాం జేబులో పెన్ను లేకపోయినా చిన్న స్కేలు మాత్రం ఉంటుంది. పోలీసు ఫోటోగ్రాఫరుగా ముప్పై ఏళ్లు నెత్తుటి మరకల పక్కనా, విరిగిన తాళాల పక్కనా కొలత తెలిసేలా దాన్నే పెట్టి ఫోటోలు తీశాడు. రిటైరయ్యాక వారానికి రెండుసార్లు మెట్టుగూడలో బస్సెక్కి పోలీసు శిక్షణ కేంద్రానికి వెళ్లి, కొత్త ఎస్సైలకు ఆ పనే నేర్పుతున్నాడు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా గడప దగ్గర ఆగి, నాలుగు మూలలూ చూశాకే లోపల అడుగుపెడతాడు. ఇన్ని వేల ఫోటోలు తీసినవాడు భార్య దేవమ్మను ఒక్కసారీ తీయలేకపోయాడు. "నీ కెమెరాల పడ్డోళ్లు ఎవలన్న మల్ల లేసి కూసున్నరా? నన్ను ఇడిసిపెట్టు" అని కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె పోయి రెండేళ్లయింది.

ఆ రోజు పాఠం ఫోటోల్లో దొర్లే తప్పుల గురించి. తెర మీద ఒక వంటిల్లు కనిపించింది. ఎప్పుడో కొత్త కెమెరాను పరీక్షిస్తూ తన ఇంట్లోనే తీసిన ఫోటో అది. ముందు వరసలో కూర్చున్న హిమజ చెయ్యెత్తింది.

"సార్, పొయ్యి పక్కన గోడ మీద ఎవరిదో నీడ పడ్డది. మనిషిని జరగమనాలె గదా?"

"జరగమన్ననమ్మా. మా ఇంటామె జరిగింది. నీడ సుత పోయిందో లేదో నేనే చూస్కోలే. తప్పు నాదే."

"అయితే ఈ ఫోటో పనికిరాదా సార్?"

స్కేలుతో చూపిద్దామని తుకారాం తెర దగ్గరికి నడిచాడు. ప్రొజెక్టరు వెలుగుకు అడ్డం రాగానే, దేవమ్మ నీడను ఆనుకుని అతని నీడా పడింది. ముప్పై ఏళ్లుగా అందరినీ పక్కకు జరగమన్న మనిషి, తను మాత్రం జరగలేదు.