నేను తొమ్మిది మార్కులు వేసిన వ్యాసం

ఇరవై ఐదుకు తొమ్మిది వేశాను. ఎర్ర పెన్నుతో, గట్టిగా నొక్కి. పక్కన ‘మూఢనమ్మకానికి వకాల్తా’ అని కూడా రాశాను.

గుడివాడలో డిగ్రీ చివరి ఏడాది. మా తెలుగు మాస్టారు ఒకరి వ్యాసాన్ని ఇంకొకరి చేత దిద్దించేవారు. బాగా రాసినవాళ్ళను బందరులో జరిగే చర్చా పోటీకి పంపేవారు. పాముకాటుకు మంత్రం వేసేవాళ్ళను జైల్లో పెట్టాలా, వద్దా అన్నది ఆ నెల విషయం. పెట్టాలని నేను రాశాను. వద్దని రాసిన దివిసీమ అమ్మాయి కాగితాలు నా చేతికొచ్చాయి.

మాస్టారిది ఒక నియమం. మార్కులు చెప్పేముందు, దిద్దినవాడు లేచి ఆ వాదనను తన మాటల్లో చెప్పాలి. రాసినవాళ్ళు ‘అవును, నేనన్నది ఇదే’ అనాలి. మూడు అవకాశాలు. మూడూ తప్పితే ఆ మార్కులు చెల్లవు, దిద్దినవాడు పోటీకి వెళ్ళడు.

నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ వైపు ఎదుటివాడి మాట, కుడి వైపు దానికి జవాబు రాయడం చిన్నప్పుడే అబ్బింది. ఆమె వ్యాసాన్నీ అలాగే చదివాను. మా ఊరు గుడ్లవల్లేరు నుంచి బస్సులో కాలేజీకి వస్తూ జవాబులన్నీ మరోసారి చూసుకున్నాను కూడా.

లేచి నిలబడ్డాను.

“మంత్రం వల్ల కొంత మేలు ఉందని ఈమె వాదన.”

“కాదండి,” అంది ఆమె.

“మేలు లేకపోయినా జనం నమ్మకాన్ని గౌరవించాలని...”

“అదీ కాదండి. నేనలా ఎక్కడ రాశాను?”

“బావా, బందరు బస్సు కదిలిపోతోందిరా!” అన్నారెవరో వెనక బెంచీలోంచి. అందరూ నవ్వారు.

నోట్‌బుక్ తెరిచాను. కుడి వైపంతా నిండుగా నా జవాబులే. ఎడమ వైపు అక్కడక్కడా సగం సగం మాటలు. ఒకచోట ‘చిన్నాన్న, కట్లపాము, మంత్రగాడి అరుగు’ అని ఉంది. దానికెదురుగా ‘ఒక్క ఉదాహరణ రుజువు కాదు’ అని నా రాత. ఆ ఉదాహరణ దేనికి రుజువని రాసిందో ఎంత తడుముకున్నా గుర్తురాలేదు.

“ఏం నాయనా, మూడోది?” అన్నారు మాస్టారు.

ఊహించి ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ నోట్‌బుక్ మూసేశాను.

“చెప్పలేనండి. జవాబులు రాసుకుంటూ పోయాను. చదవలేదు.”

“నువ్వే చెప్పమ్మా.”

“మా చిన్నాన్న ఆ అరుగు మీదే పోయాడండి. మంత్రం పనిచెయ్యదని మాకంటే ఎవరికి తెలుసు? కానీ ఆ మంత్రగాణ్ణి జైల్లో పెడితే మావాళ్ళు పక్కూరి మంత్రగాడి దగ్గరికి పరిగెడతారు. ఇంకో గంట పోతుంది. అందుకే, ఆసుపత్రికి పదండనే మాట ఆయన నోటే రప్పించాలన్నాను. అంతేనండి.”

శిక్ష భయం లేకపోతే అతనెందుకు మారతాడు? ఆ ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. కానీ పోటీ జాబితాలోంచి నా పేరు అప్పటికే కొట్టేశారు, ఇక నాకెందుకులే అనుకున్నాను. కూర్చున్నాను. అది మంచి ప్రశ్నేనని ఇప్పటికీ అంటాను. చట్టం ఉండి తీరాలనీ అంటాను.

ఆమె బందరు వెళ్ళింది. అక్కడ ఎవరో సరిగ్గా ఆ ప్రశ్నే వేశారట. జవాబు తోచక నిలబడిపోయిందట. ఆమె వ్యాసం దిద్దడమంటే ఆ ప్రశ్న ముందే నేను అడగడం.