ఆర్హిన్ తాత వల

ఆర్హిన్ తాత ఆట చూడడు, వల చూస్తాడు. సెకొండి రేవులో మా బోసొంపో ఫుట్‌బాల్ జట్టు పుట్టిననాడు గోలుపోస్టుకు కట్టింది వాళ్ళ నాన్న చేపల వలే. ఆనాటి ఆటగాళ్ళు పోయారు, గెలిచిన కప్పులు తుప్పుపట్టాయి, వల పని మాత్రం ఇప్పటికీ ఆ ఇంటిదే. ఆట రోజు పొద్దున్నే తాత వలను ఒళ్ళో వేసుకుని, అంచు కాలి బొటనవేలికి తగిలించి, ఒక్కో కన్నూ లాగి చూస్తాడు. ముడి బిగించి, దారం కొస పళ్ళతో కొరికేస్తాడు. ఆట మొదలయ్యాక గోలు వెనకే పీట వేసుకుంటాడు.

ఓడితే కింది డివిజన్‌కు జారిపోయే మ్యాచ్ అది. చివర్లో అవతలివాళ్ళు కొట్టిన బంతి వల చీల్చుకుని వెనక్కి పడింది. "పోస్టు పక్కనుంచి పోయింది! ఆ చిరుగు పాతది!" అని మైదానమంతా అరిచింది. రిఫరీకీ అనుమానమే. తాత లేచాడు. "పొద్దున్న నా వలకు చిరుగే లేదయ్యా. బంతి లోపలికొచ్చే చింపింది" అన్నాడు. గోలు ఇచ్చారు. మేం దిగిపోయాం.

చేపలకు పొగపెట్టి అమ్మే ఎక్వా గేటుదాకా వెంటపడి తిట్టింది. "నీ నోరు పడిపోనూ! సొంత పడవకే కన్నం పెట్టావు గదయ్యా ముసలోడా!"

"పడవ మునిగితే ఇంకోటి చెక్కుకుంటామే. చిరుగు వల కట్టానని నాచేతే అనిపిస్తావా?" అన్నాడు తాత.

మర్నాడు పొద్దున తాత ఒక్కడే చిరుగు ముందు కూర్చున్నాడు. ఎక్వా వచ్చి, మొక్కజొన్న పిండి కెంకీ ముద్దల పొట్లం పక్కన పెట్టి, వల రెండో కొస పట్టుకుంది.

"బిగించి పట్టుకోవే. కింది డివిజన్‌వాళ్ళూ గట్టిగానే కొడతారు" అన్నాడు తాత.