వరదయ్య వేసిన ఎరుపు

ఎర్రబట్ట కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నగరిలో ఇస్త్రీబండి పెట్టుకుని బతికేవాడికి ఇది మంచిది కాదని తెలుసు. అయినా మండుతుంది. ఓంశక్తి అమ్మవారి మాల వేసుకునే రోజులు వచ్చాయంటే మా వీధిలో సగంమంది ఆడవాళ్ళు కొత్త ఎర్రచీరలు కడతారు. వాటిని బకెట్లో వేసి మిగతా బట్టలతో కలిపి నానబెడతారు. తర్వాత గులాబిరంగు బనియన్లు, గులాబిరంగు బడిచొక్కాలు నా బండి మీదికి వస్తాయి. "ఏమన్నా చేసి ఈ మరక తియ్యి ఢిల్లీబాబూ" అంటారు. నేను ఇస్త్రీ చేసేవాణ్ణి గానీ మంత్రాలు వేసేవాణ్ణి కాదు.

ఈ సంగతిలో నా మాటకు సరే అనే మనిషి వీధి మొత్తానికి నాగవేణక్క ఒక్కతే. నా బండి నిలబడేది ఆమె ఇంటి గోడ పక్కనే. ఆమె బొంతలు కుడుతుంది. పాత చీరలు, పంచెలు తెచ్చిస్తే పొరలు పొరలుగా పరిచి, చేత్తో దగ్గరదగ్గరగా కుట్టు వేసి, ఎంత ఉతికినా పొర కదలని బొంత చేసిస్తుంది. పసిపిల్లల బొంతల కోసమైతే పుత్తూరు నుంచి కూడా ఆమెను వెతుక్కుంటూ వస్తారు. పసిపిల్లల బొంత రోజూ తడుస్తుంది, రోజూ ఉతకాలి. అందులో ఒక్క గుడ్డ రంగు దిగినా బొంతంతా పాడు, బిడ్డ వీపంతా రంగు. అందుకే పరీక్ష చెయ్యకుండా ఆమె ఏ గుడ్డమీదా సూది పెట్టేది కాదు.

ఆ పరీక్ష జరిగేది నా బండి మీదే. పొద్దున్నే బొగ్గులు రాజేసి నేను ఇస్త్రీపెట్టె వేడెక్కించేసరికి వచ్చేది. గుడ్డ అంచును తడిపి, ఒక తెల్లగుడ్డ మీద పరిచి "అదుము" అనేది. వేడిపెట్టె పెట్టి గట్టిగా అదిమేవాణ్ణి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ చీర వచ్చిన దారినే వెనక్కి పోవలసిందే. ఉప్పునీళ్ళలో నానేస్తే రంగు నిలబడుతుంది కదా అని కొందరు వాదనకు దిగేవాళ్ళు. "ఉప్పు పప్పుసారులోకి బాగుంటాది. దిగే రంగును ఉప్పు ఆపతాదా? నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించు, నీడన ఆరబెట్టుకోని రా, అప్పుడు సూస్తాం" అని పంపించేసేది. ఆ తెల్లగుడ్డ ఒక పాత పంచె ముక్క. ఎప్పుడూ నా బండి మీదే పడి ఉండేది. దాన్నిండా ఊళ్ళోవాళ్ళ చీరల రంగులే.

ఆమె మొగుడు వరదయ్య రంగులషెడ్డులో పని చేసేవాడు. చిలపలను, అంటే నూలు కట్టలను, కాగే రంగునీళ్ళ తొట్టిలో ముంచి తిప్పే పని. ఏ రోజు ఏ రంగు వేస్తే ఆ రోజు మోచేతుల దాకా ఆ రంగే. పెళ్ళిళ్ళలో ఆయన నీలిచేత్తో పప్పన్నం కలుపుతుంటే పక్క విస్తరివాడు కొంచెం జరిగి కూర్చునేవాడు. రంగు వెయ్యడం ఎవరైనా చేస్తారు, వేసినాక కడగడమే పని అని వరదయ్య అనేవాడు. చిలపలను సబ్బునీళ్ళలో మరగకాచి, జాడించి, మళ్ళీ కాచి, జాడించిన నీళ్ళు తాగేనీళ్ళలా కనిపించేదాకా వదిలేవాడు కాదు. కట్టెలు తగలేస్తున్నాడని షెడ్డు ఓనరు గొణిగితే చెవిన వేసుకునేవాడు కాదు. "నేనేసిన ఎరుపు దిగదబ్బా" అని నా బండి దగ్గర నిలబడి టీ తాగుతూ ఎన్నిసార్లు అన్నాడో.

అంత మాట అనే మనిషి వేసిన రంగును కూడా నాగవేణక్క పరీక్షకు పెట్టేది. అదీ ఆయన చూస్తుండగానే. నేను పెట్టె అదిమేవాణ్ణి, తెల్లగుడ్డ తెల్లగానే ఉండేది.

"ఊరంతా నమ్మతాది, పెండ్లాం మాత్రం నమ్మదు" అని వరదయ్య మూతి ముడుచుకునేవాడు.

"నమ్మితే నీకు పొగరెక్కతాది మామా" అని ఆమె నవ్వేది.

వాళ్ళిద్దరికీ అదొక సరసం, నాకు బొగ్గుల దండగ. అయినా నాకూ ఆ వేళ బాగుండేది. ఈ మాట అప్పుడెవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది ఆడికృత్తిక పండగకు ముందు వరదయ్య చనిపోయాడు. కొన్ని నెలలుగా దగ్గు, ఆయాసం. చివరి రోజుల్లో తొట్టి దగ్గర నిలబడలేక గోడకు ఆనుకుని పని చేశాడని షెడ్డులోవాళ్ళు చెప్పారు. నాగవేణక్క ఏడవలేదు. శవం లేచినప్పుడూ ఏడవలేదు, గాజులు తీసినప్పుడూ ఏడవలేదు. వచ్చినవాళ్ళు ఆమె ముఖంలోకి చూసి, బయటికి పోయి చెవులు కొరుక్కున్నారు. ఏడుపు అంటే వీళ్ళకు చూపించవలసిన టిక్కెట్టా అని నాకు మండింది. నోరు మూసుకుని పాడె పట్టుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఏ పనీ మానలేదు. వండుకుంది, తింది, కుట్టింది. పరీక్షకు గుడ్డలు తెచ్చి నా ముందు పెట్టి గోడవైపు చూస్తూ నిలబడేది. "అక్కా, దిగింది" అంటే "ఊ" అనేది. "అక్కా, దిగలేదు" అన్నా "ఊ" అనేది. ఒక మధ్యాహ్నం బియ్యం తీసుకుని ఎండలో వస్తోంది. ఒక కాలికే చెప్పుంది.

"అక్కా, ఇంకో చెప్పు యాడ?" అన్నాను.

కిందికి చూసుకుంది. "యాడో జారిపోయినట్టుండాది" అని అదే నడకతో లోపలికి పోయింది. ఆ తారురోడ్డు మీద ఆ వేళలో చెప్పుల్లేకుండా నేనైతే గంతులు వేసేవాణ్ణి. అంగడి దాకా పోయి చెప్పు ఏరుకొచ్చి గుమ్మంలో పెట్టాను. పాపం, మొగుడి దిగులు అనుకున్నాను. ఆమె ఏం చేసినా ఆ రోజుల్లో అందరం దిగులు ఖాతాలోనే వేశాం.

ఆమె కూతురు లోహిత శ్రీసిటీలో ఫోను భాగాలు చేసే కంపెనీలో పని చేస్తుంది. కాపురం ఆ పక్కనే ఉన్న తడ ఊళ్ళో. మొన్న తొమ్మిదో నెల పడ్డాక కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఊళ్ళో పిల్లలందరికీ బొంతలు కుట్టిన ఆమె సొంత మనవబిడ్డకు కుట్టకుండా ఉంటుందా? ఒకరోజు ట్రంకుపెట్టె తెరిచి రెండు గుడ్డలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒకటి వరదయ్య తెల్లపంచె, అది అడుగుపొరకు. రెండోది ఎర్రచీర, మడత కూడా విప్పనిది.

ఆ చీర సంగతి నాకు తెలుసు. వరదయ్య చివరిసారి రంగు వేసిన చిలపల్లో మిగిలినవి ఓనరు దగ్గర అడిగి తీసుకుని, పక్కింటి మగ్గం మీద నేయించి పెళ్ళానికి ఇచ్చాడు. ఆమె రవిక కుట్టించుకునేలోపే ఆయన పోయాడు. కట్టనూ లేదు, ఉతకనూ లేదు.

నేను అలవాటు కొద్దీ తెల్లగుడ్డ తీసి బండి మీద పరిచాను. "ఇయ్యక్కా, అదమతాను."

"వద్దులే."

"అదేందక్కా? పసిబిడ్డ బొంతకు ఎర్రగుడ్డ, అదీ కొత్తది, చూడకుండానే ఏస్తావా?"

"వద్దని చెప్తా ఉండాను కదా" అంది. గొంతులో కోపం కూడా లేదు.

కాసేపటికి నాకు అర్థమైంది. నిలబడలేని మనిషి వేసిన రంగు అది. ఆ చిలపలను సబ్బునీళ్ళలో కాచాడో, రెండు ముంచులు ముంచి వదిలేశాడో ఎవరికి తెలుసు? తెల్లగుడ్డకు ఎరుపు అంటిందంటే జీవితమంతా ఆయన చెప్పిన మాట దాంతోనే పోతుంది. చూడకపోతే ఆ మాట అలాగే ఉంటుంది. బిడ్డ వీపు గుర్తొచ్చి నా నాలుక దురద పెట్టింది. అయినా ఊరుకున్నాను, నా జీవితంలో అలా ఊరుకున్నవి తక్కువ.

అరుగు మీద కూర్చుని ఆమె కుట్టడం మొదలుపెట్టింది. పైన ఎరుపు, మధ్యలో మెత్తటి పాతచీరలు, అడుగున తెలుపు. ఎడమచెయ్యి బొంత కింద, కుడిచెయ్యి పైన. కింద వేలు సూదిమొనను అందుకుని పైకి తోస్తుంది. ఎండ జరిగేకొద్దీ తనూ జరిగేది. లోహిత మజ్జిగ తెచ్చిస్తే తాగేది, లేకపోతే లేదు.

బొంత ముప్పాతిక అయ్యాక ఒక పొద్దున దాన్ని చుట్టి తెచ్చి నా బండి మీద పడేసింది.

"దిగింది" అంది. పాలు విరిగాయి అన్నట్టు చెప్పింది.

తిప్పి చూస్తే తెల్లపంచె మీద ఎర్రచుక్కలు. ఆవగింజంతవి, కొన్ని ఇంకొంచెం పెద్దవి.

"కాచలేదు ఆయన" అంది. "నేనేసిన ఎరుపు దిగదు, దిగదు అని నా చెవి కోసినాడు. ఆఖరికి నాకిచ్చిన చీరనే కాచలేదు."

లోహిత నడుము పట్టుకుని వెనకే వచ్చింది. "పోనీలేమ్మా. నాయనకు అప్పుడు ఒంట్లో యాడ బాగుండాది?"

"బాగలేకుంటే మానుకోవాల. నన్ను నమ్మించకూడదు." ఆమె కొంగున ఉన్న బ్లేడు తీసి కుట్లు తెంపడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఊ తప్ప మాటలేని మనిషి మొగుణ్ణి తిడుతోంది. ఆ తిట్టు కూడా ఎండిపోయినట్టుంది.

నేను చుక్కల వైపే చూస్తున్నాను. అవన్నీ కుట్టుబాట వెంబడే ఉన్నాయి. పాతవి గోధుమరంగుకు తిరిగాయి. ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూ ఎన్నో ఎర్రబట్టలు చూశాను. ఎరుపు గులాబి అవుతుంది గానీ ఇలా మాడిన రంగుకు తిరగదు.

"అక్కా, దీన్ని తడిపినావా?"

"లేదు."

"తడపకుండా రంగు ఎట్ల దిగతాది?"

ఆమె వినిపించుకోలేదు, తెంపుతూనే ఉంది. నా కళ్ళముందే ఇంకో చుక్క పంచె మీద పడింది. తడిగా, మెరుస్తూ.

"అక్కా! వేలు సూడు!"

బ్లేడు ఎడమచేతి చూపుడువేలిని కోసింది. రక్తం కారుతోంది, ఆమెకు తెలియలేదు. లోహిత కెవ్వుమని ఆ చెయ్యి లాక్కుంది. ఆ వేలికొస నిండా సూదిపోట్లు. కొన్ని ఎండినవి, కొన్ని పచ్చివి. నాగవేణక్క ఆ వేలును ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత బొంతకు గుచ్చిన సూది తీసి, మేం ఆపేలోపే వేలికొస మీద పెట్టి నొక్కింది.

"తెలీలేదు" అంది.

"ఎన్నాళ్ళనుంచి ఇట్ల ఉండాదమ్మా?" లోహిత అడిగింది. "షుగరు మాత్రలు ఏసుకుంటా ఉండావా లేదా?"

"ఏమో. మీ నాయన పోయినప్పటి నుంచి అన్నీ ఇట్లనే ఉండాయి. అన్నిట్లో వేలూ ఒకటి అనుకుంటిని."

నాకు ఆ జారిపోయిన చెప్పు గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. దిగులట, దిగులు! ఏరుకొచ్చి గుమ్మంలో పెట్టి పెద్ద పని చేశాననుకున్నాను.

లోహిత తన చున్నీ చింపి వేలికి కట్టింది. నాగవేణక్క చెయ్యి ఆమెకు వదిలేసి బొంత వైపు చూస్తోంది.

"అయితే ఇది ఆయన ఎరుపు కాదా?" అంది.

లోహిత కట్టు ముడి బిగించింది.

"ఢిల్లీబాబూ, పెట్టె వేడిగా ఉండాదా?"

ఉంది. ఎర్రచీర అంచును కుడిచేత్తో తనే తడిపింది. తెల్లగుడ్డలో ఖాళీ చోటు కోసం వెతికితే ఒక మూల మాత్రమే దొరికింది. దానిమీద పరిచింది. నేను పెట్టె ఎత్తాను. అంత భయపడుతూ నేనెప్పుడూ ఇస్త్రీ చెయ్యలేదు. బొంత పాడవుతుందని కాదు. ఎరుపు అంటితే ఈమె ముఖం ఇంక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందని.

అదిమాను. ఆవిరి లేచింది. ఎత్తి చూశాం, తెల్లగా ఉంది.

"ఇంకా తడుపు. ఇంకా అదుము."

చెయ్యి నొప్పి పుట్టేలా అదిమాను. తెల్లగానే ఉంది. ఆమె ఆ గుడ్డను లాక్కుని ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఎండకు ఎత్తి పట్టి చూసింది.

"కాచినాడు" అంది. "నిలబడేదానికి చేతకాని మనిషి... తేటనీళ్ళు వచ్చేదాకా కాచినాడే."

అప్పుడు ఏడ్చింది. బండి చక్రం పక్కన నేలమీద కూలబడి, "నిన్ను తిడితినే మామా, నిన్ను తిడితినే" అని గుండెలు బాదుకుంటూ, వీధి వీధంతా వినిపించేలా ఏడ్చింది. ఎదురింట్లో మగ్గం ఆపి జనం బయటికొచ్చారు. అప్పుడు చెవులు కొరుక్కున్నవాళ్ళే అందులో సగం. "ఏముండాది ఈడ సూసేదానికి, పోండి" అని అరిచాను. నా ముక్కూ కారుతోంది, పొగ అని తుడుచుకున్నాను.

తిరుపతిలో డాక్టరు షుగరు మాత్రలు మార్చాడు. వేళ్ళకు పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమన్నాడట. రక్తపు చుక్కలను చన్నీళ్ళు, సబ్బు పెట్టి లోహితే ఉతికింది. చాలావరకు పోయాయి. పక్కనున్న ఎరుపు చెక్కు చెదరలేదు. మిగిలిన పావు బొంత కూడా ఆ పిల్లే కుట్టింది. కుట్లు వంకరటింకరగా పోతుంటే తల్లి పక్కన కూర్చుని తిట్టిపోసింది. బిడ్డ పుట్టింది, బొంత రోజూ తడుస్తోంది.

ఏడ్చిన మర్నాడు నాగవేణక్క నా బండి దగ్గరికి వచ్చి, పరీక్షగుడ్డ తీసుకుని, ఎరుపు అంటని ఆ మూలను చించుకుంది. దాన్ని వరదయ్య ఫోటో అద్దం లోపల పెట్టించింది. బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు, దగ్గరికి పోయి కళ్ళు చికిలించుకుని చూస్తారు. అందులో ఏమీ ఉండదు. తెల్లగా ఉంటుంది.